పాకిన వృషణ క్యాన్సర్: కీమో క్యాలెండర్ తప్పకుండా పూర్తి చేసుకోవడం ఎలా

వృషణంలో, వీర్యకణాలకి మూలమైన కణాల్లో పుట్టేదాన్ని జెర్మ్ సెల్ క్యాన్సర్ అంటారు. దీనికి స్టేజీలు మూడే. నాలుగో స్టేజీ అనేదే లేదు. పొట్ట వెనక లింఫ్ గ్రంథుల దాకా వస్తే రెండోది, ఊపిరితిత్తులకో కాలేయానికో మెదడుకో పాకితే మూడోది, అంతే. స్కాన్ రిపోర్టులో ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయన్న ముక్క చదివి, ఫోన్‌లో వేరే క్యాన్సర్ల లెక్కలు చూసుకుని, ఆశ వదిలేసి వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

నేను హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి కీమో వార్డులో నర్సుని. ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది 15 నుంచి 40 ఏళ్ల లోపు మగపిల్లలే. వెంట వచ్చిన అమ్మో, వదినో నన్ను పక్కకు పిలిచి “సిస్టర్, ఎన్నాళ్లుంటాడమ్మా” అని గొంతు తగ్గించి అడుగుతారు. ఈ మందు నాలుగు రోజులు ఎక్కువ బతకడానికి ఇచ్చేది కాదమ్మా, నయం చేయడానికి ఇచ్చేది అని చెబుతాను. ధైర్యం కోసం చెప్పే మాట కాదది. పాకిన తర్వాత కూడా మందులతో ఎక్కువమందికి పూర్తిగా నయమయ్యే క్యాన్సర్లు చాలా తక్కువ. వాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది.

అయితే ఆ నయం కావడం క్యాలెండర్ మీద ఆధారపడి ఉంది. సైకిల్ అంటే 21 రోజులు. 22వ రోజున తర్వాతి సైకిల్ మొదలైపోవాలి. డోసు తగ్గకూడదు, మధ్యలో ఆగకూడదు. నేను చూసినంతలో సైకిల్ వెనక్కి జరిగేది మందు పడక కాదు. ఇంట్లో పెళ్లి, చేతికందని డబ్బు, తేవడం మర్చిపోయిన రిపోర్టు, ఊళ్లో జ్వరానికి వేయించుకున్న ఇంజెక్షన్, ఇలాంటి వాటి వల్లే. అవి రాకుండా ముందే ఎలా చూసుకోవాలో రాస్తున్నాను.

మందు మొదలయ్యే ముందు

సూర్యాపేట వైపు నుంచి ఒక ఏసీ మెకానిక్ మా వార్డుకి వచ్చాడు. పాతికేళ్లు కూడా నిండలేదు. కుడివైపు బీజం పెద్దదైతే వరిబీజం అనుకున్నాడు. నొప్పి లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత నడుం నొప్పి మొదలైతే ఏసీలు భుజాన వేసుకుని మెట్లెక్కడం వల్లే అనుకుని ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. అసలు కారణం పొట్ట వెనక, వెన్నెముకను ఆనుకుని ఉబ్బిన లింఫ్ గ్రంథులు. దగ్గు పట్టుకున్నాకే స్కాన్ దాకా వచ్చాడు. బీజంలో నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే ఆ వారంలోనే అల్ట్రాసౌండ్ చేయించండి. చిన్నప్పుడు బీజం సంచిలోకి దిగకుండా ఉండిపోయినవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గడ్డ ఉన్న బీజాన్ని గజ్జల దగ్గర కోత పెట్టి తీస్తారు. సంచిలోకి సూది గుచ్చి ముక్క తీయించుకోవద్దు, సంచి మీద కోత పెట్టించుకోవద్దు. అలా చేస్తే జబ్బు మామూలుగా వెళ్లని దారుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఊపిరి అందనంతగా జబ్బు పాకి ఉంటే మాత్రం ఆపరేషన్ కోసం ఆగరు. రక్త పరీక్షలు చూసి ముందు కీమో మొదలుపెట్టి, బీజం తర్వాత తీస్తారు. “ఆపరేషన్ చేయకుండా మందు ఎక్కిస్తున్నారేంటి” అని గాభరాపడి ఆసుపత్రి మారకండి. ఆ తిరుగుళ్లలో పోయే రోజులు మళ్లీ రావు.

రక్త పరీక్షలు మూడు: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. జబ్బు ఎంత ఉందో చెప్పే గుర్తులివి, వీటినే మార్కర్లు అంటారు. హెచ్‌సీజీ అంటే గర్భిణుల మూత్ర పరీక్షలో చూసే హార్మోనే. ల్యాబ్‌లో ఆ పేరు చూసి మగపిల్లాడికి ఈ పరీక్షేంటని గొడవపడ్డ నాన్నలున్నారు. ఈ క్యాన్సర్ కణాలు ఆ హార్మోన్‌ని తయారు చేస్తాయి, అందుకే చూస్తారు. బీజం తీసిన తర్వాత, కీమోకి సరిగ్గా ముందు తీసిన మార్కర్లే లెక్కలోకి వస్తాయి. ఆపరేషన్‌కి ముందు రిపోర్టు ఉంది కదా అని ఇది మానేయకండి.

ఆ అంకెల్ని బట్టి, జబ్బు ఎక్కడెక్కడికి పాకిందన్న దాన్ని బట్టి గుడ్, ఇంటర్మీడియట్, పూర్ అని మూడు గ్రూపులు చేస్తారు. ప్రపంచమంతా వాడే లెక్క ఇది, 1997లో వచ్చింది. జబ్బులో ముందుగా సెమినోమా, నాన్ సెమినోమా అని రెండు రకాలున్నాయి. నాన్ సెమినోమాలో ఏఎఫ్‌పీ 1,000 లోపు, హెచ్‌సీజీ 5,000 లోపు, ఎల్‌డీహెచ్ మామూలు హద్దుకి ఒకటిన్నర రెట్లలోపు ఉండి, ఊపిరితిత్తులు, లింఫ్ గ్రంథులు దాటి వేరే అవయవాలకు పోకపోతే గుడ్. ఏఎఫ్‌పీ 10,000 దాటినా, హెచ్‌సీజీ 50,000 దాటినా, ఎల్‌డీహెచ్ పది రెట్లు దాటినా, కాలేయానికో ఎముకకో మెదడుకో పాకినా, లేదా జబ్బు వృషణంలో కాకుండా ఛాతీ మధ్యలో పుట్టినా పూర్. సెమినోమాలో పూర్ గ్రూపే లేదు. ఇంకో సంగతి, సెమినోమా ఒక్కటే అయితే ఏఎఫ్‌పీ పెరగదు. పెరిగిందంటే రెండో రకం కూడా కలిసి ఉన్నట్టు చూసి వైద్యం చేస్తారు.

డాక్టరు గదిలోంచి బయటికి వచ్చే ముందు అడగాల్సినవి మూడు: ఏ రకం, ఏ గ్రూపు, ఎన్ని సైకిళ్లు. ఫైలు మొదటి పేజీ మీద రాయించుకోండి. గుడ్ గ్రూపుకి సాధారణంగా మూడు సైకిళ్ల బీఈపీ (మూడు మందులు కలిపిన కీమో) ఇస్తారు. మిగతా రెండు గ్రూపులకి నాలుగు.

తర్వాత ఎవరూ నోరు విప్పని సంగతి. కీమో వీర్యకణాల్ని దెబ్బతీస్తుంది. చాలామందికి రెండు మూడేళ్లలో తిరిగి వస్తాయి, కొందరికి రావు. అందుకే మొదటి సెలైన్ ఎక్కక ముందే స్పెర్మ్ బ్యాంకులో దాచుకోవాలి. ఒకట్రెండు రోజుల్లో అయిపోయే పని, దీనికోసం కీమో వారాల తరబడి ఆపక్కర్లేదు. అమ్మ ముందు కుర్రాడు దీని గురించి మాట్లాడలేడు, కుర్రాడి ముందు అమ్మ మాట్లాడలేదు. మీ డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి. అన్నయ్యో, బావో తోడు వెళ్తే మంచిది. పెళ్లయిన అబ్బాయైతే భార్యకి విషయం తెలియాలి. కీమో నడుస్తున్నప్పుడు, ఆ తర్వాత డాక్టరు సరే అనేదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.

డబ్బు సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ కీమో వస్తుంది. బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీ, ఆధార్, పథకం కార్డు అన్నీ ఒకే కవర్లో పెట్టి కౌంటర్‌కి వెళ్లండి. ప్రైవేటులో ఒక సైకిల్ వేయించుకుని, డబ్బయిపోయాక ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేవాళ్లకు మధ్యలో రోజులు పోతాయి. అదే నాకు అన్నిటికంటే బాధ. మొత్తం కోర్సు ఎక్కడ పూర్తి చేయగలరో అక్కడే మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి అందుకు ఉన్నవే.

ఐదు రోజుల వార్డు

బీఈపీ అంటే బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్ చదరపు మీటరుకి 20 మిల్లీగ్రాములు, ఎటోపోసైడ్ 100 మిల్లీగ్రాములు, ఒకటో రోజు నుంచి ఐదో రోజు వరకు రోజూ. ఎత్తు, బరువుల నుంచి శరీర వైశాల్యం లెక్కకడతారు. 1.7 చదరపు మీటర్లు వచ్చిన కుర్రాడికి రోజుకి 34 మిల్లీగ్రాముల సిస్‌ప్లాటిన్, 170 మిల్లీగ్రాముల ఎటోపోసైడ్ పడుతుంది. బ్లియోమైసిన్ వారానికొకసారి 30 యూనిట్లు.

సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది. అది పడకుండా మందుకి ముందూ వెనకా సెలైన్ బాటిళ్లు పెడతాం, పొటాషియం, మెగ్నీషియం కలిపి. ఎంత లోపలికి పోయిందో అంత బయటికి వస్తోందా అన్నది ముఖ్యం. అందుకే మంచం కింద గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఉంటుంది. మూత్రం అందులో పోసి, ఎంతో చూసి, టైం వేసి చీటీ మీద రాయాలి. కుర్రాళ్లు సిగ్గుపడి నేరుగా బాత్రూంకి వెళ్లి వచ్చేస్తారు. అడిగితే “వచ్చింది సిస్టర్” అంటారు. వచ్చింది సరే, ఎంత వచ్చిందో తెలియకపోతే నాకు ఉపయోగం లేదు. ఆ ఏసీ మెకానిక్ వాళ్ల వదిన ఐదు రోజులూ చీటీ తనే రాసింది, రాత్రి రెండు గంటలకు పోసినదీ వదల్లేదు. మూడో రోజు సాయంత్రం లెక్క తగ్గడం ఆమె రాసిన చీటీలోనే కనిపించింది. డ్యూటీ డాక్టరు వచ్చి సెలైన్ సర్దారు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగలేదు, రెండో సైకిల్ అనుకున్న రోజే మొదలైంది. పొద్దున, సాయంత్రం బరువు కూడా చూడమని అడగండి.

వాంతుల్ని ఓర్చుకోకండి. మందులు మంచివి వచ్చాయి: అప్రెపిటెంట్, పాలోనోసెట్రాన్, డెక్సామెథసోన్, ఓలాంజపిన్. ఓలాంజపిన్‌తో నిద్ర ముంచుకొస్తుంది, అందుకే రాత్రి వేస్తారు. ఐదు రోజులూ అయిపోయి ఇంటికెళ్లాక కూడా రెండు మూడు రోజులు వికారం ఉంటుంది. ఆ రోజులకు మాత్రలు రాయించుకోకుండా డిశ్చార్జి కావొద్దు. తిండికి పథ్యం లేదు. చారన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు, ఏది లోపలికి పోతే అది, వేడిగా, అప్పుడే వండింది. పసర్లు, చూర్ణాలు మాత్రం వద్దు. కిడ్నీ మీద ఏం చేస్తాయో తెలియని వాటిని సిస్‌ప్లాటిన్ మీద కలపకూడదు.

చెవుల్లో హోరు, వేలి కొసల్లో తిమ్మిరి మొదలైతే చెప్పండి. ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డకట్టడం కావొచ్చు, అప్పటికప్పుడు చెప్పండి. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది.

8వ రోజు, 15వ రోజు

ఎక్కువమంది తప్పేది ఈ రెండు రోజులే. బ్లియోమైసిన్ ఒక్కటే ఇస్తాం కాబట్టి కాసేపట్లో అయిపోతుంది. ఆ చిన్న ఇంజెక్షన్ కోసం ఊరి నుంచి బస్సెక్కి రావడమెందుకని ఆగిపోతారు. అది కూడా కోర్సులో భాగమే. బ్లియోమైసిన్ రక్తకణాల్ని పెద్దగా తగ్గించదు. కౌంట్ తక్కువ ఉందని మీ అంతట మీరు మానుకోకండి, వచ్చి డాక్టరుకి చూపించండి. దూరం ఊరైతే మొదటి సైకిల్ అయ్యేదాకా హైదరాబాద్‌లోనే చుట్టాలింట్లో ఉండండి.

బ్లియోమైసిన్ పడ్డ సాయంత్రం చలి, వణుకు, జ్వరం రావడం మామూలే. ముందుగానే పారాసిటమాల్ ఇస్తాం. కొందరికి వీపు మీద, భుజాల మీద కొరడాతో కొట్టినట్టు ముదురు గోధుమ రంగు చారలు తేలతాయి. గోకిన చోటల్లా పడతాయి. ఇంట్లో అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి, ఆసుపత్రికి పంపకుండా ఆపిన సందర్భం నాకు తెలుసు. అది మందు వల్ల వచ్చిన మచ్చ. గోళ్లు కత్తిరించి, నూనె రాసి, డాక్టరుకి చూపిస్తే చాలు.

నేను నిజంగా భయపడేది పొడి దగ్గుకి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని గట్టిపరచగలదు. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా, పొడి దగ్గు పట్టుకున్నా, తర్వాతి డోసు పడక ముందే చెప్పాలి. అవసరమైతే బ్లియోమైసిన్ ఆపి మిగతా మందులతో కోర్సు నడిపించే దారులున్నాయి. బీడీ, సిగరెట్ మొదటి రోజే మానేయాలి.

జ్వరం వస్తే

సైకిల్ మొదలైన పదో రోజు నుంచి రెండు వారాలు దాటేదాకా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీలు చూపిస్తే అర్ధరాత్రైనా సరే కీమో ఇచ్చిన ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. దూరమైతే దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ‘పొద్దున్నే చూద్దాం’ అనుకోవద్దు. పారాసిటమాల్ వేసి జ్వరాన్ని కప్పిపెట్టొద్దు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ సెలైన్‌లో పడాలి. 15వ రోజు ఇంజెక్షన్ తర్వాత వచ్చిన జ్వరాన్ని కూడా మందు జ్వరంలే అని వదలకండి, ఆ రోజుల్లోనే కౌంట్ తక్కువగా ఉంటుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే జ్వరానికి జెంటామైసినో అమికాసినో, ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాకో వేసే అవకాశం ఉంది. ఈ మందులు సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి, జెంటామైసిన్, అమికాసిన్ వల్ల వినికిడి కూడా పోవచ్చు. నేను ప్రతి కుర్రాడి చేతిలో ఒక చీటీ పెడతాను: ‘సిస్‌ప్లాటిన్ కీమో నడుస్తోంది. జెంటామైసిన్, అమికాసిన్, డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు’. మీరూ తెలుగులో, ఇంగ్లీషులో రాసి పర్సులో పెట్టండి. ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకు పంపండి.

కౌంట్ పెరగడానికి జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. కొద్దిగా తక్కువ కౌంట్‌తోనే సైకిల్ మొదలుపెడదామని డాక్టరు అంటే వాయిదా వేయమని బతిమాలకండి. నయం చేయాలన్న లెక్కతోనే ఆయన ఆ మాట అంటారు.

మార్కర్లు ఎలా చదవాలి

హెచ్‌సీజీ ఒకటి ఒకటిన్నర రోజుకి సగమవ్వాలి, ఏఎఫ్‌పీ ఐదు నుంచి ఏడు రోజులకి సగమవ్వాలి. ఏఎఫ్‌పీ 8,000 దగ్గర మొదలైతే మూడు వారాలకి 1,000 దగ్గరికో ఇంకా కిందికో రావాలన్నమాట. మొదటి వారంలో మాత్రం క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చి మార్కర్లు పైకి ఎగరొచ్చు. అది చూసి మందు పనిచేయట్లేదని ఏడవకండి. ప్రతి సైకిల్ ముందు తీసిన అంకెల్ని ఒకే కాగితం మీద వరసగా రాసుకోండి, వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించండి. పూర్ గ్రూపులో ఒక సైకిల్ తర్వాత అంకెలు తగినంత వేగంగా పడకపోతే మందుల్ని ఇంకా గట్టిగా మార్చే పద్ధతి ఉంది. ఆ ప్రశ్న డాక్టరుని తప్పకుండా అడగండి.

మార్కర్లు తగ్గుతూ, స్కాన్‌లో గడ్డ మాత్రం పెరగడం అరుదుగా జరుగుతుంది. అలా పెరిగేది టెరటోమా అనే భాగం, అది కీమోకి లొంగదు, దాన్ని ఆపరేషన్‌తోనే తీయాలి.

కీమో అయ్యాక మిగిలిన గడ్డ

నాన్ సెమినోమాలో మార్కర్లు మామూలుకి వచ్చి, పొట్ట వెనక గడ్డ సెంటీమీటరు కంటే పెద్దగా మిగిలితే తీయించాలి. తీసిన వాటిలో చాలా వరకు చచ్చిన కణాలో టెరటోమానో ఉంటుంది, కొందరిలో బతికున్న క్యాన్సర్ కూడా దొరుకుతుంది. లోపల ఏముందో స్కాన్ చెప్పలేదు, తీసి చూడాల్సిందే. పెద్ద రక్తనాళాల చుట్టూ చేసే కష్టమైన ఆపరేషన్ ఇది. ఎప్పుడూ చేస్తుండే సర్జన్ ఉన్న చోటికే వెళ్లండి. నరాల్ని కాపాడుతూ చేయకపోతే తర్వాత వీర్యం బయటికి రాకపోవచ్చు, దాని గురించి ముందే మాట్లాడండి.

సెమినోమా అయితే తొందర లేదు. మిగిలిన గడ్డ 3 సెంటీమీటర్లు దాటితే, కీమో అయిన రెండు నెలలకి పెట్ స్కాన్ తీసి చూస్తారు. ఈ స్కాన్‌లో క్యాన్సర్ ఉన్న చోటు వెలుగుతుంది. ముందే తీస్తే వాపు వల్ల తప్పుగా వెలిగే అవకాశం ఉంది.

ఎంతమందికి నయమవుతుంది

సిస్‌ప్లాటిన్ రాకముందు పాకిన ఈ జబ్బుతో బతికి బయటపడ్డవాళ్లు చాలా కొద్దిమంది. 1974లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్, ఆశ వదులుకున్న జాన్ క్లీలాండ్ అనే కుర్రాడికి దీన్ని వేరే రెండు మందులతో కలిపి ఇచ్చారు. ఊపిరితిత్తుల నిండా ఉన్న జబ్బు మాయమైంది, అతను తర్వాత బడిలో పాఠాలు చెప్పాడు. యువరాజ్ సింగ్‌కి ఛాతీ మధ్యలో వచ్చింది సెమినోమా. 2012లో అతను వెళ్లిందీ ఐన్‌హార్న్ దగ్గరికే. ఆ సెప్టెంబర్‌లో విశాఖలో తిరిగి ఆడాల్సింది, వాన వల్ల మ్యాచ్ జరగలేదు. మూడు రోజుల తర్వాత చెన్నైలో ఆడాడు. మా వార్డులో కుర్రాళ్లకు ఈ కథ చెబితే లేచి కూర్చుంటారు.

2021లో వచ్చిన అంకెలు ఇవి. 1990 నుంచి 2013 వరకు యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియాల్లో వైద్యం పొందిన వేలమంది లెక్క. నాన్ సెమినోమాలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు గుడ్ గ్రూపులో నూటికి 96 మంది, ఇంటర్మీడియట్‌లో 89, పూర్‌లో 67. సెమినోమాలో గుడ్‌కి 95, ఇంటర్మీడియట్‌కి 88. పూర్ అన్న పేరు చూసి కూలబడొద్దు, ఆ గ్రూపులో కూడా ముగ్గురిలో ఇద్దరు ఉన్నారు. ఆడపిల్లలకు అండాశయంలో వచ్చే జెర్మ్ సెల్ క్యాన్సర్‌కి కూడా ఎక్కువగా ఇవే మందులు.

తిరగబెట్టినా దారి మూసుకుపోదు. పాక్లిటాక్సెల్, ఐఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తారు. లేదా పెద్ద డోసు కీమో ఇచ్చి, ముందే తీసి దాచిన సొంత మూలకణాల్ని (రక్తకణాల్ని పుట్టించే కణాల్ని) తిరిగి ఎక్కిస్తారు. ఇండియానా డాక్టర్లు 2007లో రాసిన దాంట్లో అలా చేసిన 184 మందిలో 116 మందికి జబ్బు పూర్తిగా పోయి, వాళ్లు గమనించినంత కాలం మళ్లీ రాలేదు.

ఇంటికెళ్లాక

తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఆ రెండేళ్లు మార్కర్ల తేదీల్ని కీమో తేదీల్లాగే పాటించండి. దుబాయ్ వీసా వచ్చిందనో, కొత్త ఉద్యోగంలో సెలవు దొరకదనో మానకండి. వెళ్లిన చోట కూడా ఆ మూడు రక్త పరీక్షలు చేయించుకుని రిపోర్టు డాక్టరుకి పంపండి. ఐదేళ్లు దాటాక కూడా ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ చూపించుకోవాలి. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవాళ్లకు గుండె జబ్బుల రిస్క్ కొంత ఎక్కువ. నీరసం, కోరిక తగ్గడం ఉంటే టెస్టోస్టిరాన్ చూడమనండి. మిగిలిన బీజాన్ని నెలకోసారి స్నానంలో తడిమి చూసుకోవాలి.

డిశ్చార్జి సమ్మరీలో మొత్తం ఎంత బ్లియోమైసిన్ పడిందో రాయించండి. మూడు సైకిళ్లకి 270 యూనిట్లు, నాలుగింటికి 360. అపెండిక్స్ అయినా, బండి మీంచి పడి కాలు విరిగినా, ఏ ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టరుకి ఆ కాగితం ముందు చూపించాలి. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే బ్లియోమైసిన్ తీసుకున్న ఊపిరితిత్తులకు హాని జరగొచ్చు కాబట్టి ఆక్సిజన్ ఎంత పెట్టాలో, సెలైన్ ఎంత ఎక్కించాలో ఆయన దాన్ని చూసుకుని నిర్ణయిస్తారు. లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి.